గుగ్గిలం ఆరని పడవ

అనగనగా, రేవు రేవునా రాజుగారి పడవ జనాన్ని ఉచితంగా దాటించే రోజుల్లో, కీర్తిసేనుడనే రాజు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే కంటికి ఇంపైనదే మంచిదనుకునేవాడు.

ఏటా దసరాకు పడవలకు పూజ చేయించి, అన్నిటికన్నా చక్కని పడవ ఎవరిదో వాడికి శాలువా కప్పేవాడు. అందుకని పడవవాళ్ళు నెల ముందే పడవలను ఒడ్డుకు లాగి, చెక్క నిగనిగలాడేలా గుగ్గిలం కాచి పూసి, ఎండబెట్టుకుని కూర్చునేవారు. జనం రేవుల్లో పడిగాపులు పడేవారు.

కొత్తగా కొలువులో చేరిన నూకన్న ఒక్కడే పడవ ఆపేవాడు కాదు. పురిటి నొప్పుల మనిషి వచ్చినా, మేకల మంద వచ్చినా దాటించేవాడు.

మొదటి దసరాకు అతని పడవ దగ్గర రాజు ముక్కు మూసుకున్నాడు. రెండో దసరాకు దాన్ని వరస చివరికి నెట్టించాడు. మూడో దసరాకు, "వచ్చే ఏడూ ఇలాగే ఉంటే తెడ్డు అప్పగించి పో" అన్నాడు.

దాటినవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. లోకం తీరే అంత.

"నీకు మెప్పు ఎలాగూ లేదు. ఇక కూడూ ఉండదు" అని భార్య ఏడ్చింది. నూకన్నకు మనసు విరిగిపోయింది. నాలుగో ఏడు తనూ పడవను ఒడ్డుకు లాగాడు.

ఏరు నిండుగా ఉంది. ఒక మధ్యాహ్నం, బుట్టలల్లే సన్నెమ్మ అవతలి ఒడ్డు నుంచి పిలిచింది.

"తమ్ముడూ, వెదురు కొడుతుంటే నా పెనిమిటిని పాము కరిచింది. వైద్యుడు మీ ఒడ్డునే ఉన్నాడు. పడవ తీసుకురా."

"గుగ్గిలం ఆరలేదక్కా. పై రేవుకు వెళ్ళు."

పై రేవులోనూ అదే మాట. కింది రేవులోనూ అదే మాట. ఆమె మళ్ళీ నూకన్న రేవుకే వచ్చి పిలిచింది. అతను తల తిప్పుకున్నాడు. పొద్దు వాలేసరికి పిలుపు ఆగిపోయింది. సన్నెమ్మ భర్త ఆ ఒడ్డునే ప్రాణం విడిచాడు.

ఆ దసరాకు శాలువా నూకన్నకే దక్కింది. ఎగువన ఏరు పాయలైన చోట కాలినడకన దాటి, మూడు రోజులు నడిచి సన్నెమ్మ ఆ పూజ దగ్గరికి వచ్చింది. జరిగింది చెప్పింది.

రాజు కోపంతో నూకన్న వైపు తిరిగాడు. సన్నెమ్మ అడ్డు చెప్పింది.

"ఇతణ్ణి దండించమని రాలేదు మహారాజా. మూడేళ్ళు ఏ వేళ పిలిచినా వచ్చాడు. అప్పుడు తమరు ముక్కు మూసుకున్నారు. దాటిన నేనూ తమతో ఒక్క మంచి మాట చెప్పలేదు. ఈ ఏడు రాలేదు, శాలువా కప్పారు. ఇక ఎవరు వస్తారు?"

నూకన్న శాలువా తీసి నేల మీద పెట్టి, ముఖం కప్పుకుని ఏడ్చాడు.

మరుసటి దసరాకు రాజు పడవలను చూడలేదు. రేవులో కూర్చుని, పిలిస్తే వచ్చిన పడవవాడు ఎవరని దాటి వచ్చినవాళ్ళను అడిగాడు. పడవలు మళ్ళీ తిరిగాయి. పోయిన మనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఏలేవాడి మెప్పు ఎటు ఉంటే కొలువు అటే నడుస్తుంది. చేసిన మేలును ఏలేవాడు చూడక, పొందినవాడు చెప్పకపోతే, ఎంత మంచి సేవకుడి మనసైనా మొద్దుబారుతుంది.