రాజీనామా తరువాత

ఆశ్రమంలో చేరకముందు పత్రికలో పనిచేసిన శేషాద్రి ఒకనాటి ఉదయం నిత్యబోధ స్వామిని అడిగాడు: "తప్పు జరిగితే, ఎవరూ అడక్కుండానే పదవి వదులుకునే నాయకుడికన్నా ఈ దేశానికి ఇంకేం కావాలి స్వామీ?"

స్వామి వాదానికి దిగలేదు. తాను ఎరిగిన ఒక మనిషి సంగతి చెప్పారు.

ఒక చిన్న పట్నానికి జగన్నాథం మునిసిపల్ చైర్మన్. బడి ప్రహరీగోడ ఒరిగిపోతోందని హెడ్మాస్టరు రెండుసార్లు ఉత్తరం రాశాడు. రెండుసార్లూ జగన్నాథం "చూద్దాంలే" అనుకుని పక్కన పెట్టాడు. తొలకరి వానలకు గోడ కూలి ముగ్గురు పిల్లలు పోయారు. ఆయనకు అన్నం సయించలేదు. పదో రోజున కౌన్సిల్ సమావేశంలో లేచి, "ఆ ఉత్తరాలు నాకు అందాయి. తప్పు నాది," అని రాజీనామా ఇచ్చేశాడు. సభ్యులంతా లేచి నిలబడ్డారు. పత్రికలు ఆకాశానికెత్తాయి. ఇంటికి నడిచి వెళ్తుంటే గుండె మీది బరువు కాస్త దిగినట్టనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

మూడు నెలలకు పోలమ్మ ఆయన ఇంటికి వచ్చింది. పోయినవాళ్ళలో ఒకడు ఆమె కొడుకు. కూతురు ఇంకా ఆ బడిలోనే చదువుతోంది. కొంగులో కట్టి తెచ్చిన సిమెంటు పెళ్ళను అరుగు మీద పెట్టి వేలితో నొక్కింది. ఇసకలా రాలింది.

"ఇది కొత్త గోడదే బాబూ. దీన్నీ పాత గోడ కట్టిన కంట్రాక్టరే కడుతున్నాడు. విచారణ ఏమైందని ఆఫీసులో అడిగితే, బాధ్యుడు తప్పుకున్నాక ఇంకేం విచారణ అన్నారు."

"నా చేతుల్లో ఇప్పుడేమీ లేదమ్మా."

"అప్పుడుండేది కదా," అంది పోలమ్మ. గొంతు పెంచలేదు.

మర్నాడే జగన్నాథం ఆఫీసుకి వెళ్ళాడు. కొత్త చైర్మన్ ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, ఆయన త్యాగాన్ని పదిమంది ముందు పొగిడాడు. విచారణ ఫైలు మాత్రం తెరవలేదు. అప్పట్నుంచి జగన్నాథం రోజూ బడి విడిచే వేళకి ఆ గోడ దగ్గర నిలబడి, దూరంగా నడవమని పిల్లల్ని అదిలించేవాడు. కొన్నాళ్ళకి, ఏ అధికారమూ లేని మనిషికి ఇక్కడేం పనంటూ ఆఫీసువాళ్ళు ఆయన్ని అటు రానివ్వడం మానేశారు. గోడ పూర్తయింది. పోలమ్మ కూతురు దాని పక్కనుంచే బడికి వెళ్తోంది.

శేషాద్రి, "అయితే ఆయన పదవిలోనే ఉండాల్సిందా స్వామీ?" అన్నాడు.

"ఆ ఊరు మొత్తం మీద తప్పు నాదని అన్నవాడు ఒక్కడే నాయనా," అన్నారు స్వామి. "ఆ ఒక్కడే లేచి వెళ్ళిపోయాడు."