బొల్లి మేక ఒట్టు తప్పింది

అనగనగా ఒక అడవి అంచున, రేగుపొదల పక్కన ఒక గుడిసె ఉండేది. అందులో పైడి అనే పిల్ల, వాళ్లమ్మ, బొల్లి అనే మేక కలిసి ఉండేవారు. బొల్లికి మాటలొచ్చు. ఆ అడవిలో అందరికీ వచ్చు.

"పొదల్లోకి పోకు" అని అమ్మ రోజూ చెప్పేది. పైడి రోజూ పోయేది. రేగుపళ్లు అంత తియ్యగా ఉండేవి మరి!

ఒకరోజు వాగులో లంగా తడిసింది. పైడి దాన్ని పొద మీద ఆరేసింది. పొదలోంచి ఎలుక మూతి బయటపెట్టింది.

"ఓ పిల్లా, తీసెయ్! ఆ ఆకుల మీద ఎర్ర పురుగు పిల్లలుంటాయి. కంటికి ఆనవు. మమ్మల్నీ కుడతాయి, మిమ్మల్నీ కుడతాయి. కుట్టినట్టే తెలీదు. మీకైతే జ్వరం కూడా తగులుతుంది."

"నీ మీసాలు చూస్తే నవ్వొస్తోంది, పో!" అంది పైడి. లంగా దులపకుండానే కట్టుకుంది.

వారం తిరిగేసరికి నడుం మీద నల్లటి పొక్కు లేచింది. నొప్పి లేదు.

"బొల్లీ, అమ్మకు చెప్పకే. పొదల్లోకి పోయానని తిడుతుంది. ఒట్టెయ్!"

బొల్లి తన కొమ్ముల మీద ఒట్టేసింది. రెండు రేగుపళ్లు లంచం కూడా తింది.

తర్వాత జ్వరం వచ్చింది. మొదటిరోజు అమ్మ తడిగుడ్డ వేసింది. రెండోరోజు కషాయం కాచింది. మూడోరోజు పైడి కళ్లు తెరవలేదు. అమ్మ నేల మీద కూలబడింది.

బొల్లి నెమరు ఆపేసింది. ఒట్టు తప్పితే కొమ్ములు ఊడతాయని మేకలు భయపడతాయి. ఊడితే ఊడనీ అనుకుంది.

"అమ్మా! లంగా బొందు కట్టేచోట చూడు!"

చుట్టతో కాల్చినట్టు నల్లటి పొక్కు! బొల్లి అంతా చెప్పేసింది. అమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ పొక్కు చూసింది. "పురుగు కుట్టిందమ్మా. చూపించి మంచిపని చేశావు. దీనికి మందుంది."

మూడో పొద్దుకు పైడి లేచి కూర్చుంది.

"అమ్మా, ఆకలి!"

అమ్మ నవ్వింది. ఏడ్చింది. మళ్లీ నవ్వింది.

"నన్ను కొడతావా?"

"కొడతాను. ముందు అన్నం తిను."

ఇంటికి రాగానే అమ్మ పెరట్లో దండెం కట్టింది. మర్నాడు దాని మీద ఆరేసిన కొత్తచీర కొంగును బొల్లి తీరిగ్గా నమిలేసింది. ఎవ్వరూ అదిలించలేదు.

నీతి: ఆపదను దాచే ఒట్టు నిలబెట్టుకోనక్కర్లేదు. ఒంటి మీద చిన్న మచ్చ కనిపించినా అమ్మకు చెప్పండి.