ముందు నువ్వు తాగు మరిదీ

నల్లకొండ అడవిలో ఎండాకాలం నీళ్లు మిగిలేది ఒక్క కుంటలోనే. పులీ లేళ్లూ ఒకేసారి ఎదురుపడకుండా జంతువులన్నీ కలిసి వంతుల యాప్ పెట్టుకున్నాయి. ఎవరి ఫోను మోగితే వాళ్లే వెళ్లి తాగాలి.

ఆ రోజు లేడి సింగారమ్మ ఫోను మోగింది. బిడ్డను వెంటబెట్టుకుని వెళ్తే ఏముంది, కుంటలో పులి ఇంకా జలకాలాడుతోంది! తల్లీబిడ్డలు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగు తీశాయి.

యాప్ చూసుకునేది నక్క. సింగారమ్మ దాని మీద విరుచుకుపడింది. "ఇంకాస్తయితే నా బిడ్డ పులి నోట్లో పడేది!"

"ఇంతదానికే అంత కోపమా వదినా? చిటికెలో పని." నక్క టకటకా నాలుగు మీటలు నొక్కింది. "నీ గంట పది నిమిషాలు ఆలస్యంగా మోగేలా పెట్టా. ఇక నిశ్చింతగా తాగు."

పక్కనే నెమరేస్తున్న ఎద్దు నందప్ప తలెత్తింది. "అసలు తప్పు అది కాదమ్మా. పులి వెళ్లిందో లేదో ఈ యాప్‌కి తెలీదు. గడియారం చూసి గంట కొట్టేస్తుంది. గట్టు మీద ఒక మీట పెట్టి, తాగినవాళ్లు దాన్ని తొక్కి వెళ్లాకే తర్వాతి గంట మోగేలా యాప్‌ని మళ్లీ రాయాలి. పొద్దు వాలేదాకా పడుతుంది."

"అందాకా బిడ్డ గొంతెండిపోవాలా మామా?" అని నవ్వింది నక్క.

బిడ్డ నాలుక బయటపెట్టి చూస్తోంది. సింగారమ్మ మనసు నక్క వైపే లాగింది. అంతలో ఆ అడవి కట్టుబాటు గుర్తొచ్చింది. వాగు మీద దుంగ వేసినవాడే దాన్ని ముందు దాటాలి.

"సరే మరిదీ, బాగుచేసింది నువ్వేగా. ముందు నువ్వు తాగు."

నక్క మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. చుట్టూ అందరూ చూస్తున్నారాయె, కాదంటే పరువు పోతుంది. పది నిమిషాలకు సింగారమ్మ గంట మోగింది. నక్క కాళ్లీడ్చుకుంటూ కుంటకు వెళ్లింది.

పులి మెడలోతు నీళ్లలో హాయిగా కునుకు తీస్తోంది. అలికిడికి ఒక కన్ను తెరిచి, "ఏరా, వీపు రుద్దడానికొచ్చావా?" అంది.

ఆ మాట పూర్తయ్యేలోగా నక్క రేగుముళ్లలో పడి, లేచి, సగం తోకవెంట్రుకలు అక్కడే వదిలేసి వచ్చిపడింది. సింగారమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. దాహంలో ఉన్న బిడ్డ కూడా నవ్వింది.

పొద్దు వాలేసరికి నందప్ప పని ముగించింది. ఆ పూట పులి ఎంతసేపు ఈదినా ఎవరి గంటా మోగలేదు. పులి మీట తొక్కి వెళ్లాకే తర్వాతి గంట మోగింది. ఎవరూ అడక్కముందే నందప్ప తానే ముందు వెళ్లి, తాగి, మీట తొక్కి, తడిమూతితో తిరిగొచ్చింది. వెంటనే సింగారమ్మ ఫోను మోగింది. బిడ్డ పొట్ట గుండ్రంగా అయ్యేదాకా తాగింది.

నక్క మెల్లగా ఎద్దు పక్కన చేరింది. "మామా, ఆ మీట సంగతేదో నాకూ కాస్త చూపించవూ?"

నీతి: చేసినదాన్ని ముందు తానే వాడాల్సి వస్తే, ఎవరూ పనిని పైపైన అతికించి వదిలెయ్యరు.