నోరు మెదపని పాఠం

"విద్య నేర్పాను, పనిముట్లు సమకూర్చాను, కొట్టు తెరిపించాను. అయినా వారు తమ కాళ్ళమీద నిలబడలేకపోతే లోపం ఎక్కడున్నట్టు, స్వామీ?" అని సుదర్శనం అడిగినప్పుడు సోమయాజులుగారు అరుగుమీద కూర్చుని యజ్ఞోపవీతాలకు నూలు సవరించుకుంటున్నారు. ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "రేపు నేనూ నీ కొట్టుకు వస్తాను" అన్నారంతే.

సుదర్శనం కావ్యాలు ఆయన సన్నిధిలోను, మోటార్లు పాలిటెక్నిక్‌లోను చదువుకున్నవాడు. ఏటేటా ఇటుకబట్టీలకు వలసపోయే కూర్మయ్య, పైడితల్లి దంపతులకు ఫ్యాన్లు, మిక్సీలు, గ్రైండర్లు బాగుచేయడం నేర్పి, పంచాయతీవారి పాత గదిలో మరమ్మతు కొట్టు పెట్టించాడు. అతనిది వెన్నవంటి మనసు. కూర్మయ్య చేయి కాస్త తడబడితే చాలు, "ఇలా తే" అంటూ స్క్రూడ్రైవరు తానే అందుకునేవాడు. అందువల్ల ఊరివారు గుమ్మంలోనే నిలబడి "బాబుగారున్నారా?" అని అడగడం, లేరంటే తెచ్చిన మిక్సీని చంకన పెట్టుకుని మళ్ళీ ఇంటికి మోసుకుపోవడం ఆచారమైపోయింది. బట్టీ మేస్త్రీ అప్పటికే కబురు పంపాడు. కొట్టు నిలదొక్కుకోకపోతే ఆ దంపతులకు మూటాముల్లె సర్దుకోక తప్పదు.

మరునాడు సోమయాజులుగారు కొట్టులో పీటమీద ఆసీనులై, స్వహస్తాలతో తాంబూలం చుట్టి శిష్యుని నోటికందించారు. పిమ్మట అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాచిన రెండు చేతులకూ నూలు చిలప తగిలించి, కొస పట్టి ఉండలా చుట్టసాగారు. గురువిచ్చిన తాంబూలం ఉమ్మరాదు. నోట రసముండగా గురుసన్నిధిని పెదవి విప్పరాదు. ఆ రసమేమో మింగినకొద్దీ ఊరుతూనే ఉంది.

అప్పుడే ఇడ్లీకొట్టు గవరమ్మ గ్రైండరుతో దిగింది. అది తిరగడం మానేసిందనీ, సాయంత్రానికి పిండి పడకపోతే తెల్లవారి పొయ్యి వెలిగించి లాభం లేదనీ మొరపెట్టుకుంది. బాబుగారు ఎదుటనే ఉన్నారు గనుక ధైర్యంగా కిందికి దించింది.

కూర్మయ్య మోటారు విప్పి, మాడిపోయిన తీగలు తీసి, కొత్తవి కలిపి బిగించాడు. మీట వేయగానే రాయి కదిలింది. అయితే పితృకార్యంలోవలె అపసవ్యంగా తిరగనారంభించింది.

గవరమ్మ నడుముమీద చేతులు పెట్టుకుంది. "ఇలా తిరిగితే పప్పు పిండవుతాదేటి, పిండి మళ్ళీ పప్పవుతాదేటి?"

కూర్మయ్య దీనంగా బాబుగారి ముఖంలోకి చూశాడు. లోపమేమిటో సుదర్శనానికి చూస్తూనే తెలిసింది: రెండు తీగలు తారుమారయ్యాయి. కాని చెప్పడానికి నోరు లేదు, చూపడానికి చేయి లేదు. అతడు కనుబొమలు ఎగరేశాడు. గడ్డంతో మోటారును చూపాడు. కాలి బొటనవేలితో గాలిలో తీగలు కలిపి విప్పాడు. బుగ్గలు పూరించి, కళ్ళు గుండ్రంగా తిప్పాడు. ఇదేదో పూనకమని గవరమ్మ గోడవైపు జరిగింది.

"చేతులు కదల్చకు నాయనా, దారం తెగుతుంది" అన్నారు సోమయాజులుగారు, తల ఎత్తకుండానే.

అంతవరకూ భర్తవెంట తానూ ఆ విన్యాసాన్నే చూస్తున్న పైడితల్లి అతని భుజంమీద తట్టింది. "బాబుగారి మొకం సూడకు. మోటారు సూడు."

ఇద్దరూ వంగారు. ఏ తీగ ఎక్కడ కలిపావని ఆమె నిలదీసింది, కలపవలసిన చోటనే కలిపానని అతడు దబాయించాడు, అయితే సరిగ్గా తిరగమని నువ్వే దానికి చెప్పు, వింటుందేమో అని ఆమె వెక్కిరించింది. చివరికి ఆమె వేలు పెట్టిన చోట అతడు రెండు తీగలూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు కలిపాడు. మీట వేశారు. రాయి బుద్ధిగా సవ్యంగా తిరిగింది.

గవరమ్మ గ్రైండరు ఎత్తుకుంది. మర్నాడు మిక్సీ కూడా పంపుతానని కూర్మయ్యతోనే చెప్పింది. పోతూ పోతూ సుదర్శనంవైపు జాలిగా చూసి, "బాబుగారికి ఒంట్లో బాగున్నట్టు లేదు. కొన్నాళ్ళు ఇంటికాడే ఉండమనండి" అని గురువుగారికి హితవు చెప్పింది. ఆమె వీధి మలుపు తిరగకముందే పైడితల్లి, ఈ ఏడు బట్టీకి రావడం లేదని మేస్త్రీకి ఫోను చేయమంటూ భర్తను తొందరపెట్టసాగింది.

నూలు చుట్టడం ముగిసింది. సుదర్శనం చేతులు దించి, చివరి గుక్క మింగి, సున్నానికి పొక్కిన నాలుకతో సిగ్గుపడుతూ అన్నాడు: "నేడు నావల్ల వారికి ఏ ఉపకారమూ జరగలేదు, స్వామీ."

సోమయాజులుగారు పీటమీదినుంచి లేచారు.

"నీ పాఠం బాగుంది నాయనా. రేపు కూడా ఇదే చెప్పు."