కుహూరాణి గారి టీము

ఎర్రగుట్ట మీద జంతువులకు ఒక గింజల సంఘం ఉండేది. ఎండాకాలమంతా అందరూ తలా ఇంత గింజ తెచ్చి కొట్టులో పోస్తారు, వానాకాలంలో ఎవరి వాటా వాళ్ళ కన్నానికో గూటికో చేరుతుంది. చేరాలి. నిరుడు మాత్రం ఉడత వాటా తాబేలు ఇంటికి పోయింది. తాబేలు వాటా ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, పందికొక్కును అడిగితే అది ఆకాశం కేసి చూస్తుంది. అందుకని సంఘం పెద్ద ఎలుగుదొర ఈ పంపకాలన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి చేయించమని మేనేజరు మైలన్నకు పురమాయించాడు.

మైలన్న ఎద్దు. నిదానస్తుడు, నోట్లో నాలుక లేనివాడు, ఏ మాట విన్నా ఓసారి నెమరు వేసుకుని గానీ జవాబివ్వడు.

"తొలివాన పడేలోగా అది నడవాలి," అన్నాడు దొర. "నడవకపోతే నిన్ను గానుగకు కట్టేస్తా. అక్కడ నువ్వే నడుద్దువుగాని."

మైలన్నకు గానుగ సంగతి బాగా తెలుసు. వాళ్ళ నాన్న గానుగ చుట్టూ తిరిగీ తిరిగీ తిన్నగా నడవడమే మర్చిపోయాడు. ఇంటికొచ్చినా కుడితి తొట్టి చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. ఆ బతుకు తలుచుకుంటేనే కొడుక్కి భయం.

సంఘానికి సొంత టీము లేకపోలేదు. ఆఫీసు చూరుకు గూళ్ళు కట్టుకుని వేలాడే గిజిగాళ్ళే ఆ టీము. గడ్డిపోచతో గూడు అల్లినంత నేర్పుగా కోడు అల్లుతారు. వాళ్ళ లీడరు పీచయ్య మంచి పనిమంతుడు, నోరు మాత్రం మహా చెడ్డది. దొర మొహం మీదే అనేశాడు.

"చేస్తాం దొరా. ముందు ఎవరి ఇల్లెక్కడో సరిగ్గా కనుక్కుని చెప్పండి. నిరుడు మీరు చెప్పినదాన్ని బట్టి చేపలు చెట్టు మీద కాపురముంటున్నాయి. ఆ చెత్తంతా ఊడ్చి, పని మొదలెట్టి, ఒకటికి రెండుసార్లు చూసుకునేసరికి వేసవంతా పడుతుంది."

దొరకు చిరాకేసింది. రోజూ కళ్ళెదుట వేలాడేవాడు చెప్తే వినాలంటే ఎవరికైనా కష్టమే మరి.

అప్పుడు దిగింది కోయిల, కుహూరాణి గారు, బయటి కంపెనీ తరఫున. డెమో అంటూ ఒక రంగుల బొమ్మ చూపించి గొంతు సవరించుకుంది.

"ఇలా నొక్కితే చాలు దొరా, గింజ దానంతటదే గూటికి నడిచొస్తుంది. మాకు పెద్ద టీముంది. వేసవి సగంలోనే ఇచ్చేస్తాం."

ఎవరు ఏమడిగినా ఆవిడ దగ్గర రాగమే జవాబు. దొర తేనెపట్టు దొరికినట్టు కళ్ళు మూసుకున్నాడు. మైలన్న సంగతి వేరే చెప్పాలా, ఆ పాటకు గంగిరెద్దులా తల ఊపుతూ కూర్చున్నాడు. ఊపడం ఆగేసరికి ఒప్పందం కుదిరిపోయి ఉంది. సాఫ్ట్‌వేరుకు బదులుగా గుట్ట కింది నేరేడు చెట్టు కొమ్మలతో సహా కుహూరాణి గారిది.

"నువ్వు కూడా ఊపావా మైలన్నా?" అన్నాడు పీచయ్య చూరులోంచి. ఆ ఒక్క మాట మైలన్నకు ముల్లుకర్రలా గుచ్చుకుంది.

ఇక ఆ రోజు నుంచీ మైలన్న ఎప్పుడు వాకబు చేసినా కుహూరాణి గారిది ఒకటే పాట.

"తొంభై శాతం అయిపోయిందండీ."

"పోయిన వారం కూడా తొంభయ్యే అన్నారు మేడమ్."

"అప్పుడు మామూలు తొంభై. ఇప్పుడు గట్టి తొంభై."

ఇటు చూస్తే సొంత టీము లీడరు ఆఫీసులోనే తలకిందులుగా వేలాడుతూ కునుకు తీస్తున్నాడు. మైలన్నకు ఒళ్ళు మండింది.

"పట్టపగలు నిద్రేంట్రా పీచయ్యా?"

"రాత్రుళ్ళు బయటివాళ్ళ కోడు పని చేస్తున్నా అన్నా. గేటు మీద కూర్చునే గోరింకక్క ఇప్పించింది, పక్క గుట్ట వాళ్ళదట. నువ్వేమో పనివ్వవు. నిద్రైనా పోనివ్వు."

"దానికి ఏమిస్తున్నారు?"

"నేరేడు గింజలు."

"పళ్ళా?"

"గింజలన్నా, గింజలు. గుజ్జు మధ్యలో ఎవరో నాకేస్తున్నారు."

మైలన్న ఆ మాట నెమరు వేద్దామని లోపలికి మింగి, అంతటితో మర్చిపోయాడు.

చివరికి అప్పగింత రోజు వచ్చింది. మబ్బులు అప్పటికే గుట్ట మీద కూర్చున్నాయి. సంఘమంతా ఆఫీసులో చేరింది. కుహూరాణి గారు సాఫ్ట్‌వేర్ తెరిచి పక్కకు ఒదిగి నిలబడింది.

"నొక్కు మైలన్నా," అన్నాడు దొర.

మైలన్న దేవుడికి దణ్ణం పెట్టుకుని గిట్ట ఆనించాడు. నాలుగు మీటలు ఒకేసారి దిగబడ్డాయి. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"మెల్లగా నొక్కవయ్యా. ఇది కీబోర్డు, కళ్ళం కాదు."

ఉడతలు కిసుక్కుమన్నాయి. మైలన్న చెమటలు కక్కుతూ మళ్ళీ నొక్కాడు.

"మళ్ళీ అదే. నీకు ఈ ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడెవరు?"

ఇప్పుడు దొర తప్ప అందరూ నవ్వారు. మైలన్న నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. మేనేజరునైనా దొరనైనా ఇలా దులిపేసే నోరు ఈ అడవి మొత్తానికీ ఒక్కటే ఉంది. ఎప్పుడో మింగిన మాట కడుపులోంచి పైకొచ్చింది. నేరేడు గింజలు. అతను తీరిగ్గా నమిలాడు. మెల్లగా తల ఎత్తి చూశాడు. సరిగ్గా తన కొమ్ము పైన, చూరుకు వేలాడుతూ పీచయ్య గురక పెడుతున్నాడు.

అంతలో బయట చినుకులు మొదలయ్యాయి. ఎలుకలు తడిసి ముద్దై లోపలికి పరుగెత్తుకొచ్చాయి. "మా కన్నాల్లోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి బాబూ. మా వాటా అక్కడికి పంపితే మొలకెత్తడమే."

దొర మైలన్న వైపు చూశాడు. ఆ చూపులో గానుగ కనబడింది.

"మేడమ్," అన్నాడు మైలన్న నిమ్మళంగా, "ఎలుకల వాటా గుట్ట మీది రాతిగూటికి మార్చాలి. ఇప్పుడే, మా కళ్ళముందే."

"ఓ, చిన్న మార్పేగా. మా టీముతో ఒక్క మాట మాట్లాడి వస్తాను." ఆవిడ ఫోను పట్టుకుని స్తంభం వెనక్కి వెళ్ళింది.

మైలన్న చెవులు రిక్కించాడు.

కప్పు మీద కాకి ఫోను మోగింది. "ఆ మేడమ్, ఎలుకలు, రాతిగూడు. ఉండండి, మా టీముని అడుగుతా."

గేటు మీద గోరింక ఫోను మోగింది. "ఆ కాకన్నా, ఎలుకలు, రాతిగూడు. ఉండు, మా టీముని అడుగుతా."

మైలన్న కొమ్ము పైన ఫోను మోగింది.

"ఏంటక్కా," అన్నాడు పీచయ్య ఆవలిస్తూ. "పక్క గుట్ట ఎలుకలకీ నీళ్ళొచ్చాయా? మా వాళ్ళకీ అదే గోల. ఉండు, మార్చేస్తున్నా."

కళ్ళు సగం తెరిచి, పక్కనున్న మీటలు టకటకా కొట్టాడు. కింద దొర ముందున్న తెర మీద ఎలుకల వాటా చక్కగా రాతిగూటికి వెళ్ళి కూర్చుంది. గేటు మీదనుంచి "అయిపోయిందన్నా", కప్పు మీదనుంచి "అయిపోయింది మేడమ్" అన్న మాటలు వరసగా వినిపించాయి.

కుహూరాణి గారు రాగం తీస్తూ లోపలికొచ్చింది. "మా వాళ్ళు చాలా శ్రమపడ్డారు దొరా."

"మీ వాళ్ళు ఎక్కడుంటారు?" అన్నాడు దొర.

"చాలా దూరం. సముద్రం ఒడ్డున."

మైలన్న కొమ్ముతో పీచయ్య గూటిని చిన్నగా ఊపాడు. "ఇదిగో దొరా, సముద్రం."

పీచయ్యకు నిద్ర పూర్తిగా వదిలింది. తెర చూశాడు, కోయిలను చూశాడు, దొరను చూశాడు. "ఇది నేను చేసిందేగా. అంటే, నన్ను కాదని నాకే ఇచ్చారా ఈ పని?"

"తప్పు నాదిరా," అన్నాడు మైలన్న. "నీ మాట చేదుగా ఉందని వదిలేసి, ఆవిడ పాటకు తల ఊపాను. సిగ్గుతో చచ్చిపోతున్నా."

"పని అయిందా లేదా?" అంది కుహూరాణి గారు తగ్గకుండా. "ఎవరు చేస్తే ఏంటి?"

"నిజమే," అన్నాడు దొర. "అయితే ఇంకో మార్పుంది. మీరే కూర్చుని చేయండి, మేమంతా చూస్తాం."

ఆవిడ నోరు తెరిచింది. రాగం తప్ప ఏమీ రాలేదు. నేరేడు చెట్టు అక్కడికక్కడే పీచయ్య పేరుకు మారింది.

"మరి నా గానుగ సంగతి దొరా?" అన్నాడు మైలన్న.

"వాన పడింది, అది నడుస్తోంది. నువ్వు ఆఫీసులోనే ఉండు. కానీ ఈసారి ఎవరైనా పాడితే ఆ తల దేనికైనా కట్టేసుకో."

వానకు కప్పు మీదనుంచి దిగి కిటికీలో కూర్చుని ఆలోచిస్తున్న కాకి అప్పుడు మెడ వాల్చి అడిగింది. "మేడమ్, ఒక్క అనుమానం. మీ పనులన్నీ ఇలా పక్కవాళ్ళ చేతే చేయిస్తారా?"

"అది మా కంపెనీ పద్ధతి," అంది కుహూరాణి గారు.

"ఏం లేదు, మా గూట్లో ఒక పిల్ల నిన్నటినుంచి రాగాలు తీస్తోంది."

ఆ మాట పూర్తయ్యేసరికి కుహూరాణి గారు వానలో పడి ఎగిరిపోతోంది. కాకి ఇంటివైపు పరుగు తీసింది.

నీతి: పని ఇచ్చేముందు ఎంత తియ్యగా చెప్పారో చూడటం కాదు, చివరికి ఎవరు కూర్చుని చేస్తారో అడగాలి.