ఓబులమ్మ లేపిన హాజరు పెట్టె

అనగనగా అంటే రాజుల కాలం అనుకునేరు. కాదు, కంప్యూటర్లకు వెనక మూపురం ఉండే కాలం. తెల్లబండ అని ఒక ఊరు. ఆ ఊళ్లో తెల్లరాయిని పిండి చేసే మిల్లు. ఆ మిల్లుకొక యజమాని. వాడి పేరు నేను చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

ఆ మిల్లులో ఓబులమ్మ అనే మనిషి రాతిపిండిని సంచులకెత్తేది. పొద్దున నల్లగా లోపలికి పోయి, సాయంత్రం తెల్లగా బయటికొచ్చేది. ముక్కుకు చీరకొంగు తప్ప వేరే అడ్డం లేదు. పదకొండేళ్లు ఆ పిండి పీల్చింది. చివరికి దగ్గు పట్టుకుంది. ఆమెకే కాదు, మిల్లులో అందరికీ పట్టుకుంది. ఎవరు దగ్గితే వాళ్లను గేటు బయటికి పంపేశారు.

వాళ్లంతా కలిసి కార్మికశాఖ అధికారి దగ్గరికి పోయారు. మా ఊపిరి మిల్లు తినేసింది, వైద్యం మిల్లే చేయించాలని మొరపెట్టుకున్నారు. అధికారి యజమానిని పిలిపించాడు. వాడు నలగని తెల్లచొక్కా వేసుకొచ్చాడు. వాళ్లను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

"వీళ్లెవరో నాకు తెలీదు. నా మిల్లులో పనిచేయలేదు" అన్నాడు.

అయితే హాజరు చూపించమన్నాడు అధికారి. హాజరంతా కంప్యూటర్లో ఉండేదనీ, అది చెడిపోతే పాత ఇనుము కొట్టుకు వేసేశామనీ వాడు చెప్పాడు. అది మాత్రం నిజం. చెడిపోయిన తీరు కూడా వినండి. దసరాకు మిల్లులో ఆయుధపూజ చేశారు. ప్రతి యంత్రానికీ పసుపు కుంకుమ పెట్టారు, టెంకాయ కొట్టారు. గుమాస్తాకు భక్తి ఎక్కువై టెంకాయ నీళ్లతో కంప్యూటర్‌కు అభిషేకం చేశాడు. గాలి కోసం పెట్టిన చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి దిగాయి. మర్నాడు మీట నొక్కితే ఠప్పుమని ఆగిపోయింది. మనుషులకు ముక్కుగుడ్డ ఇవ్వని మిల్లు అది. యంత్రానికి మాత్రం స్నానం చేయించింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అధికారి మూడు నెలల గడువిచ్చాడు. ఈలోగా రుజువు తేకపోతే ఫైలు మూసేస్తానన్నాడు.

మిల్లు వాళ్లు గెంటేశాక ఓబులమ్మ ఖాజా సాయిబు పాత ఇనుము కొట్టులో చేరింది. పాత టీవీలు, రేడియోలు పగలగొట్టి రాగితీగ తీయడం ఆమె పని. ఆమె మొగుడు నాగప్ప బతికున్నన్నాళ్లూ రేడియోలు బాగుచేసేవాడు. అతని పక్కన కూర్చుని టంకం పెట్టడం ఆమె కూడా నేర్చుకుంది. అతనిదే ఇంకొక అలవాటు కూడా ఆమెకు వచ్చింది. ఏ వస్తువైనా చచ్చిందో లేదో చూడందే సుత్తి ఎత్తేది కాదు. మిల్లు నుంచి వచ్చిన ఆ కంప్యూటర్ను కూడా అట్లాగే పక్కన పెట్టింది. అది కొట్టు వెనక, గోనెపట్టా కింద అలాగే ఉంది.

తనే లేపుతానని ఆమె అంటే ఖాజా సాయిబు తలపట్టుకున్నాడు.

"ఇట్లాంటివి చేసేదే మానేసినారు తల్లీ. దీనికి సామాన్లు యాడ దొరుకుతాయి?"

"పారేసినోళ్ల దగ్గర దొరుకుతాయి సాయిబన్నా" అంది ఓబులమ్మ.

మూత విప్పి చూస్తే లోపల కుంకుమ అట్టకట్టి ఉంది. స్పిరిట్‌లో ముంచిన పళ్ల బ్రష్షుతో మూడు రోజులు తోమింది. హాజరు దాచుకున్న డిస్కు మూసిన డబ్బాలా ఉంటుంది కాబట్టి దానిలోకి చుక్క నీరు పోలేదు. కానీ మూడు సామాన్లు పోయాయి. కరెంటు ఇచ్చే డబ్బా కాలిపోయింది. కీబోర్డు మీటలు బిగుసుకుపోయాయి. డిస్కును బోర్డుకు కలిపే కార్డు పచ్చగా చిలుము పట్టిపోయింది. మూడింట్లో ఏది లేకపోయినా పెట్టె కదలదు.

మొదట మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయింది. అటక మీద కరెంటు డబ్బా దొరికింది. ఇది ఇప్పుడు ఎవరికి అని మాస్టారు నవ్వాడు. "నాకు" అంది ఓబులమ్మ.

తర్వాత పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సుకు పోయింది. కాగితాలు ఎగరకుండా వాటి మీద బరువుకు పెట్టిన పాత కీబోర్డు దొరికింది. ఇది ఇప్పుడు ఎవరికి అని వాళ్లూ నవ్వారు. "నాకు" అంది ఓబులమ్మ.

కార్డు మాత్రం ఎక్కడా దొరకలేదు. తిరిగి తిరిగి దగ్గు ముదిరింది. కొంగుకు నెత్తురు అంటుకోవడం మొదలైంది. గడువు ఇంకా పది రోజులే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మిల్లుకు కంప్యూటర్ కొన్ననాడే యజమాని తన పిల్లల కోసం అట్లాంటిదే ఇంకొకటి ఇంటికి పట్టుకుపోయాడు.

ఖాజా సాయిబు తోపుడు బండి తీసుకుని, పాత సామాన్లకు కొత్త బకెట్లంటూ ఆ వీధిలోకి పోయింది. ఆ కంప్యూటర్ వరండాలో ఉంది, దాని మీద పూలకుండీ ఉంది. యజమానే బయటికొచ్చాడు. గుర్తుపడతాడేమో అనుకుంది ఓబులమ్మ. వాడు ఆమెతో ముఖాముఖి బేరమాడాడు. బకెట్ తీసుకుని, చెంబు కూడా ఇవ్వమన్నాడు. ఇచ్చింది.

"ఈ చెత్త ఎవరికి?"

"నాకే సామీ" అంది.

వాడు ఆమెను గుర్తుపట్టలేదు. పదకొండేళ్లు వాడి గేటులోంచే పోయి వచ్చిన మనిషి. మొన్ననే వాడు పైనుంచి కిందిదాకా చూసిన మనిషి. వాడు దాచిపెట్టడం లేదు, నిజంగానే ఎప్పుడూ చూడలేదు. బండి తోసుకుపోతుంటే ఆమెకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

ఆ కంప్యూటర్లోంచి కార్డు తీసి మిల్లు పెట్టెలో బిగించింది. గడువు రోజున దాన్ని అదే బండి మీద ఆఫీసుకు తెచ్చి బల్ల మీద పెట్టింది. మీట నొక్కింది. గిర్రుమంది, టిక్కుమంది, పచ్చటి అక్షరాలు పైకొచ్చాయి. అధికారి ఒక్కో పేరే చదివాడు. సుంకన్న. పెన్నోబులేసు. బాలగురవయ్య. పిలిచినవాడల్లా దగ్గుతూ లేచి, ఉండానయ్యా అన్నాడు. అట్లా నలభై ఒక్కమంది. యజమాని చొక్కా చెమటకు తడిసింది.

తర్వాత ఆడవాళ్ల వంతు. అధికారి చదివాడు. ఆడకూలీ ఒకటి. ఆడకూలీ రెండు. ఆడకూలీ మూడు. అట్లా తొమ్మిది వరకూ చదివి ఆగాడు. పేర్లు లేవు. గుమాస్తా రాయలేదు, యజమాని రాయించలేదు.

వాడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మగవాళ్లకు వైద్యం చేయిస్తానని ఒప్పుకున్నాడు. "ఈ ఆడవాళ్లెవరో నాకు తెలీదు. నా మిల్లులో పనిచేయలేదు" అన్నాడు.

ఓబులమ్మ బల్ల పట్టుకుని లేచింది.

"అయ్యా, ఈ పెట్టెను లేపింది నేను. నా పేరే దీంట్లో లేదు. మరి ఆ పిండి పేరడిగి పోయిందా నా ముక్కులోకి?"

అప్పుడు సుంకన్న నేల మీద చతికిలబడ్డాడు. ఆ తొమ్మిది పేర్లు రాస్తేనే తానూ వైద్యం ఒప్పందం మీద సంతకం పెడతానన్నాడు. అతని వెనకే నలభైమందీ కూర్చున్నారు. మందు అవసరమైన మనుషులు, మందు వద్దని కూర్చున్నారు. అధికారి వాయిదా వేశాడు. మళ్లీ వచ్చారు, మళ్లీ కూర్చున్నారు. మళ్లీ వాయిదా.

మూడోసారికి అధికారి దిగొచ్చాడు. తోటివాళ్లు సాక్ష్యం చెబితే రాస్తానని కలం తీశాడు. ఎనిమిది పేర్లు పిలిచాడు, ఎనిమిదిమందీ పలికారు. తొమ్మిదోది పిలిచాడు.

"ఓబులమ్మ."

ఎవరూ పలకలేదు. ఆమెను మట్టిచేసి అప్పటికి నాలుగు రోజులు. అధికారి కలం ఆపి తలెత్తి చూశాడు. అప్పుడు నలభై ఒక్కమంది మగవాళ్లూ ఎనిమిదిమంది ఆడవాళ్లూ లేచి నిలబడ్డారు. ఉన్న కాస్త ఊపిరీ బిగబట్టి ఒక్క గొంతుతో అన్నారు.

"పనిచేసింది."

అధికారి రాసుకున్నాడు.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. యజమాని పేరు ఊళ్లో ఎవరినడిగినా చెప్పరు, నేనూ చెప్పలేదు. తెల్లబండలో దసరాకు ఇప్పటికీ యంత్రాలకు బొట్టు పెడతారు కానీ టెంకాయ మాత్రం గడప బయటే కొడతారు. ఇటుకబట్టీ కానీ, రోడ్డుపని కానీ, కుట్టుమిషన్ల షెడ్డు కానీ, ఎక్కడ పొద్దున హాజరు పిలిచినా మొదటి పేరు ఓబులమ్మదే. పనివాళ్లంతా కలిసి, పనిచేసింది అంటారు. ఆ తర్వాతే మిగతా పేర్లు. కొత్తగా వచ్చిన మేస్త్రీ ఎవరైనా తెలియక ఆ పేరు వదిలేసి మొదలుపెడితే, ఎదురుగా వందమంది నిలబడి ఉన్నా ఒక్కరూ పలకరు.