గవరయ్య గోడరాతలు

చెరకు తోట గట్టు కింద కుందేళ్ళ బొరియ ఉండేది. దానికి కాపలా గవరయ్య అనే ముసలి తాబేలు. చూపు ఆనదు గనక మొహం చూసి పంపడు. వచ్చినవాళ్ళు ముందు పేరు చెప్పాలి, తర్వాత గుట్టుమాట చెప్పాలి. రెండూ కుదిరితేనే వాకిట్లో రాయి జరుపుతాడు. కుదరకపోతే ఎవరని చెప్పారో, ఏ వేళకి వచ్చారో బయట మట్టిగోడ మీద గోటితో గీస్తాడు.

“దొంగలు చూసి సిగ్గుపడాలి,” అనేవాడు.

అప్పటికే ఆ గోడ మీద నక్క పేరు మూడుసార్లు ఉంది. నక్క సిగ్గుపడలేదు. రోజూ వచ్చి గోడ చదివి పోయేది.

చామంతి అనే కుందేలుకు నాలుగు పిల్లలు పుట్టాయి. ఇంకా కళ్ళు తెరవలేదు. ఒక మధ్యాహ్నం చామంతి మేతకెళితే కుక్క వెంటపడింది. రొప్పుతూ వచ్చి వాకిట్లో పడింది.

“పేరు?”

“ఎండుసిరికాయ!” అనేసింది కంగారులో. అది గుట్టుమాట.

“ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు.”

“అయ్యో, చామంతిని మావా! ఎండుసిరికాయ! తియ్యి, తియ్యి!”

తీశాడు. దానికి ఊపిరి కుదుటపడేసరికి గవరయ్య బయట గోడ గీస్తున్నాడు: ‘ఎండుసిరికాయ. మధ్యాహ్నం. పంపలేదు.’

“మావా, అది చెరిపెయ్యవా?”

“పేరడిగాను, నువ్వది చెప్పావు, నేనది రాశాను. చెరిపితే ఇంక కాపలా ఏముందమ్మా?”

“పోనీ, గుట్టుమాటైనా మార్చు.”

“పున్నమికి మారుస్తాంగా. మధ్యలో మార్చే ఆచారం లేదు.”

ఇంకా గట్టిగా అడగాలనిపించింది చామంతికి. పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని ఊరుకుంది.

మర్నాడు నక్క గోడ ముందు చాలాసేపు నిలబడింది.

“ఏం తాతా, ఇలాంటి పేరు ఎవరైనా పెట్టుకుంటారా?”

“నీకెందుకురా? నీ పేరు మూడు చోట్ల ఉంది, అది చూసుకో.”

“చూసుకుంటున్నా తాతా. సిగ్గేస్తోంది,” అని తలొంచుకుని వెళ్ళిపోయింది.

చామంతిని తోటి కుందేళ్ళు పేరుపెట్టి పిలుస్తుంటే నక్క ఎన్నోసార్లు వింది. చామంతి మేతకని గట్టు దిగేదాకా చెరకులో నక్కి ఉండి, గొంతు సన్నం చేసుకుని వాకిట్లోకొచ్చింది.

“పేరు?”

“చామంతిని మావా.”

“మాట?”

“ఎండుసిరికాయ.”

రాయి జరిగింది.

పొద్దు వాలేవేళకి చామంతి వచ్చింది. ముందు పేరు, తర్వాత మాట, ఈసారి తడబడకుండా చెప్పింది.

“నువ్వు లోపలే ఉన్నావు కదమ్మా,” అన్నాడు గవరయ్య. “ఇందాకే వచ్చావు.”

చామంతి రాయిని తోసుకుని లోపలికి పరిగెత్తింది. పక్కలో పిల్లలు లేవు, పరిచిన బొచ్చు మాత్రం మిగిలింది. లోపలి నుంచే తెరుచుకునే వెనక దారి బార్లా తెరిచి ఉంది.

గవరయ్య వెళ్ళి గోడ తడిమాడు. నక్క పేరు మూడుసార్లే ఉంది. నాలుగోసారి అది తప్పేమీ చెప్పలేదు, అందుకే రాయలేదు.

తప్పులు రాసిపెట్టుకోవాల్సిందే, కానీ ఆ రాత దొంగ కంటపడే చోట ఉండకూడదు.